చెన్నై మిద్దె తోటకి కొత్త సంవత్సరం జూలైలో

మీ ప్రశ్న ఇదీ అనుకుంటున్నాను: హైదరాబాద్ నుంచి చెన్నై వచ్చి రెండేళ్ళయింది, మిద్దె మీద ఇరవై కుండీలున్నాయి, ఉగాదికి సరదాపడి టమాటా, వంగ, బెండ వేస్తే మే నెలకల్లా మాడిపోయాయి. మొండికేసి బతికిన నాలుగూ నవంబరు వానకి వేళ్ళు కుళ్ళి పోయాయి. అసలు ఈ ఊళ్ళో ఏ నెలలో ఏం పని చేయాలి, లేక తోట ఆశ వదులుకోవాలా అని అడిగారు.

వదులుకోవద్దండీ. మీ చేతిలో తప్పేం లేదు, మీరు పట్టుకున్న క్యాలెండరే వేరే ఊరిది. చెన్నైలో విత్తనం వేయాల్సింది జూలై రెండో సగంలో ఒకసారి, సంక్రాంతి వెళ్ళాక ఇంకోసారి, టమాటా నారు ఒక్కటే అక్టోబరులో. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కొత్తగా ఏమీ వేయకూడదు. అక్టోబరు పదిలోపు మాత్రం వానకి సిద్ధం కావాలి. మీ ప్రశ్నకి జవాబు ఇంతే, ఇక మిగతాదంతా ఎందుకో, ఎలాగో.

నేను ఇక్కడే చెన్నై సాలిగ్రామంలో పద్దెనిమిదేళ్ళుగా మిద్దె తోట చేస్తున్నాను, మొదటి మూడేళ్ళు అచ్చం మీలాగే తగలేశాను. మా పుట్టింటి వైపు తొలకరి అంటే జూన్. మృగశిర కార్తె వస్తే వాన వస్తుంది, వేడి విరుగుతుంది. హైదరాబాద్‌లో కూడా వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఇక్కడ సంవత్సరానికి సుమారు 1400 మిల్లీమీటర్లు పడితే అందులో సగానికి పైనే అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో కురుస్తుంది. జూన్ అంటే చెన్నైలో ఇంకా ఎండాకాలమే. యూట్యూబ్‌లో మన తెలుగు వీడియోలు చూసి జూన్ మొదట్లో నారు పోస్తే ఆ నారు పదిహేను రోజులు నిప్పుల మీద కూర్చున్నట్టే.

మా కింద వాటాలో ఒక తమిళ పాటీ (బామ్మగారు) ఉండేవారు. మూడోసారి నా వంగ మొక్కలు ఎండినప్పుడు మెట్ల మీద కూర్చుని, "ఆడి పట్టం తేడి విదై" అన్నారు. ఆడి అంటే వీళ్ళ లెక్కలో జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా, మనకి ఆషాఢం చివర, శ్రావణం మొదలు. ఆ అదను వెతుక్కుని మరీ విత్తు అని సామెత. పట్టం అంటే విత్తే అదను. నాకు అప్పట్లో తమిళం అంతంతమాత్రం, పట్టం అంటే గాలిపటం అనుకుని తలూపి వచ్చేశాను. ఆ సామెత అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది.

జూలై, ఆగస్టు. సాయంత్రాలు ఉరుములతో జల్లులు మొదలవుతాయి, ఎండ ఇంకా గట్టిగానే ఉంటుంది కానీ మొక్కకి ఊపిరి ఆడుతుంది. బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర, బీర, పొట్ల, కాకర, వంగ, మిరప అన్నీ ఇప్పుడే. బెండ గింజల్ని రాత్రి నానబెట్టి నేరుగా కుండీలోనే వేయండి, నారు పోసి మార్చొద్దు. నలుగురున్న ఇంటికి వారానికి రెండుసార్లు కూర రావాలంటే ఎనిమిది పది మొక్కలు కావాలి, కాబట్టి రెండు మొక్కలు వేసి కూర రాలేదని బాధపడకండి. దసరాకి సొంత బంతిపూలు కావాలంటే గింజ జూలై చివరికి నేలలో పడాలి, రెండు నెలలు పడుతుంది పూతకి.

మట్టి విషయంలో నా లెక్క: ఎర్రమట్టి రెండు పాళ్ళు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టు "కడిగిన" అని ఎందుకన్నానంటే దాంట్లోనే ఉప్పు ఉంటుంది, ఇటుక కొనుక్కొచ్చి నీళ్ళలో నానబెట్టి పిండి, ఆ గోధుమరంగు నీళ్ళు పారబోసి, మళ్ళీ ఒకసారి అలాగే చేయాలి. అసలే ఇక్కడ ఉప్పుతో చచ్చిపోతున్నాం (దాని సంగతి కింద చెప్తాను), ఇంకొంచెం డబ్బిచ్చి కొనుక్కోవడం ఎందుకు?

తీగ కూరల దగ్గర చాలామంది చేసే ఫిర్యాదు ఒకటుంది, మీరూ రేపు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్తున్నా: "బీరకి పూలు బోలెడు, పిందె పసుపై రాలిపోతోంది." ఎరువు తక్కువై కాదండీ, పరాగం అందక. బీర పువ్వు, సొర పువ్వు విచ్చేది సాయంత్రం చీకటి పడే వేళకి. మూడో అంతస్తు మీదకి ఆ టైముకి ఏ పురుగు వస్తుంది? ఆరున్నర ఏడు మధ్య నేను సెల్‌ఫోన్ లైటు నోట్లో పెట్టుకున్నంత పని చేసి పైకెళ్తాను. కింద సన్నటి బీరకాయ బొమ్మలా ఉన్న పువ్వు ఆడది, గుత్తిగా ఉత్త కాడ మీద పూసేవి మగవి. ఒక మగపువ్వు తుంపి, రేకులు వెనక్కి విరిచేసి, మధ్యలో పసుపు పొడిని ఆడపువ్వు నడిమధ్య మెత్తగా అద్దాలి, ఒక్క మగపువ్వు రెండు మూడింటికి వస్తుంది. మర్నాటి నుంచి ఆ పిందె తల కిందికి వాల్చి లావెక్కడం మొదలుపెడితే తగిలినట్టు లెక్క. కాకర, దోస మాత్రం పొద్దున్నే విచ్చుతాయి, వాటికి తేనెటీగలు బాగానే వస్తాయి, మనం అక్కర్లేదు. మా ఆయన మొదట్లో "పెళ్ళిళ్ళ పేరయ్య వెళ్తోంది" అని ఏడిపించేవారు, బీరకాయ పచ్చడి తిన్నాక మానేశారు.

సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు పది. ఏడాది మొత్తంలో నాకు టెన్షన్ పెట్టే రోజులివే, మీ నవంబరు చావులకి మందు కూడా ఇక్కడే ఉంది. ఈశాన్య రుతుపవనాలు మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో దిగుతాయి. ఆ లోపల ప్రతి కుండీని ఒక పక్కకి వంచి అడుగు చిల్లుల్లో ఇనుప చువ్వ పెట్టి తిప్పాలి. ఏడాది పాటు నీళ్ళు పోస్తే వేళ్ళూ మట్టీ కలిసి ఆ చిల్లుని బిరడాలా మూసేస్తాయి, పైకి ఏమీ తెలియదు. ఎండలో నష్టం లేదు, వానలో అదే బావి. కుండీల కింద ఇటుక ముక్కలు పెట్టి నేలకి రెండు అంగుళాలు లేపండి. కింద పెట్టే ప్లేట్లన్నీ తీసి లోపల దాచేయండి, వానాకాలంలో వాటిలో నిలిచిన నీళ్ళు డెంగీ దోమకి పురిటి మంచం. పైమట్టి మీద ఎండుటాకులు పరిచినవాళ్ళు ఈ మూడు నెలలు తీసేస్తే మంచిది, నత్తలు చేరతాయి.

ఇంకొకటి, మిద్దె మీద నీళ్ళు పోయే గొట్టం. నా సొంత ఘనకార్యం చెప్తాను. ఒక నవంబరులో రాత్రంతా కురిసింది. పొద్దున తలుపు తీస్తే మిద్దె మీద చీలమండ దాకా నీళ్ళు. ఖాళీ ప్లాస్టిక్ కుండీలు రెండు పడవల్లా తిరుగుతున్నాయి. కొట్టుకొచ్చిన కొబ్బరి పొట్టు, వేపాకులు కలిసి గొట్టం నోటికి జల్లెడలా పట్టేసి, పైన ముద్దలా గట్టిపడ్డాయి. మోచేయి దాకా చెయ్యి పెట్టి ఆ ముద్ద లాగితే గుడగుడమని సుడి తిరుగుతూ అరగంట పట్టింది ఖాళీ అవడానికి. ఈలోపల కింది వాటా వంటింటి స్లాబుకి చెమ్మ దిగింది. ఇంటాయన మర్యాదస్తుడు కాబట్టి తోట తీసేయమనలేదు, సున్నం ఖర్చు మాత్రం నేనే పెట్టుకున్నా. అప్పటి నుంచి గొట్టం నోటికి ఇనుప జాలీ బోర్లించి, దాని చుట్టూ అడుగు దూరంలో ఏ కుండీ పెట్టను. మీది అద్దె ఇల్లు అన్నారు కదా, ఇది మొక్కల కన్నా ముందు చూసుకోండి. బరువు కూడా: తడిసిన ఇరవై లీటర్ల గ్రో బ్యాగు పాతిక ముప్పై కిలోలుంటుంది, అన్నీ స్లాబు నడిమధ్య పెట్టొద్దు, గోడల వెంబడి, కింద దూలాలున్న చోట పేర్చండి.

తుపాను హెచ్చరిక వస్తే పందిరి కాపాడుకుందామని చూడకండి. 2016 డిసెంబరు 12న వర్దా వచ్చినప్పుడు నేను పొట్ల పందిరిని తాళ్ళతో ఇంకా గట్టిగా కట్టాను. గంటకి వంద కిలోమీటర్లు దాటిన గాలి అది, ఊళ్ళో వేల చెట్లే కూలిపోయాయి, నా వెదురు బొంగులు ఎంత? కట్టిన పందిరి తెరచాపలా గాలి పట్టుకుని, కుండీలతో సహా లేచి పిట్టగోడకి కొట్టుకుంది. ఇప్పుడు హెచ్చరిక రాగానే తీగని మొదట్లో కోసేస్తాను, పందిరి విప్పేస్తాను, ఎత్తుగా ఉన్న కుండీలు పడుకోబెట్టేస్తాను. 2023 డిసెంబరు మొదట్లో మిచౌంగ్ ఇక్కడ రెండు రోజులు కుమ్మరించి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది చూడండి, అప్పుడు పడుకోబెట్టిన కుండీల్లో ఒక్క మొక్క కూడా పోలేదు. నీళ్ళు నిండే వీలే లేదు కదా.

నవంబరులో పెద్ద పనేం ఉండదు, వాన చూస్తూ కూర్చోవడమే. ఆ నెలాఖర్లో మాత్రం మల్లెని కత్తిరించండి, మోకాలెత్తున వదిలి పైదంతా, ఆకు కూడా దూసేయండి. చూడ్డానికి జాలేస్తుంది. ఉంచితే మాత్రం ఆకే పెరుగుతుంది, కత్తిరిస్తే మార్చికల్లా మొగ్గ. మా అత్తగారు నెల్లూరు నుంచి వచ్చినప్పుడు మోడైపోయిన మల్లెని చూసి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మళ్ళీ వేసవిలో వచ్చి మూరల లెక్కన కట్టుకెళ్ళారు, ఆ సంగతి ఎత్తలేదు.

సంక్రాంతి తర్వాత. వీళ్ళు తై పట్టం అంటారు. డిసెంబరు, జనవరుల్లో రాత్రి చలి 20, 21 డిగ్రీలకి దిగుతుంది, చెన్నైకి అదే కశ్మీరు. మీ టమాటా ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. రాత్రులు సుమారు పాతిక డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు. మేలో ఇక్కడ తెల్లవారుజామున కూడా 27, 28 ఉంటుంది. మీరు ఉగాదికి నాటిన మొక్క పూతకొచ్చేసరికి మే. అది కాయలేదంటే కాయదు, ఎరువు ఏదైనా వేయండి. కాబట్టి టమాటా నారు అక్టోబరులో లోపల, వాన తగలని చోట పోసుకుని, నవంబరు చివర వాన తెరిపిచ్చినప్పుడు నాటితే జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడు నెలలు కాయలు. నాకు చిన్న నాటు టమాటాలే బాగా కాస్తాయి, పెద్ద హైబ్రిడ్ వాటి మీద ఈ ఊళ్ళో నాకు నమ్మకం లేదు. క్యాబేజీ, క్యాలీఫ్లవర్ రెండేళ్ళు ప్రయత్నించి మానేశాను, అరచేతిలో పట్టే పువ్వు కోసం నాలుగు నెలలు కుండీని ఆపుకోవడం నాకు గిట్టలేదు. ముల్లంగి, మెంతికూర, కొత్తిమీర మాత్రం తప్పకుండా వేసుకోండి. భోగి వెళ్ళాక రెండో విడత బెండ, గోరుచిక్కుడు, దోస వేస్తే ఏప్రిల్ ఎండ ముదిరేలోపు కోత ముగుస్తుంది.

ఫిబ్రవరి చివర నుంచి పిండినల్లి దిగుతుంది, ముందు మందారం మీద. చీమలు వరసకట్టి కొమ్మ ఎక్కుతుంటే వెనక్కి పోయి చూడండి, నల్లి అక్కడే ఉంటుంది, వాటిని మోసుకొచ్చేదీ కాపలా కాసేదీ చీమలే. మొదటి వారంలో పాత టూత్‌బ్రష్, నీళ్ళ పైపు చాలు. ముదిరితే లీటరు నీళ్ళకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టండి. పగలు కొడితే ఆకు మీద నూనె వేగుతుంది.

ఇక నీళ్ళు. మీరు పంపిన ఫోటోలో కరివేపాకు అంచులు గోధుమరంగులో కాలినట్టున్నాయి, కుండీ పైన తెల్లటి పొర ఉంది. ఎండ దెబ్బ కాదది, బోరు నీళ్ళ ఉప్పు. నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది, కొని చూడండి. మా బోరు మామూలుగా 900, మేలో 1700 చూపిస్తుంది. ఆర్‌ఓ మిషన్ వదిలే నీళ్ళని పొదుపు అనుకుని మొక్కలకి పోసేవాళ్ళున్నారు, అది ఉప్పు ఇంకా చిక్కబడిన నీళ్ళు, గచ్చు కడగడానికి వాడండి. నేనేం చేస్తానంటే ఏసీ నీళ్ళు పడతాను. మన చెన్నై గాలిలో చెమ్మ ఎక్కువ కదా, రాత్రంతా ఏసీ నడిస్తే తెల్లారేసరికి బకెట్ నిండినంత పని అవుతుంది, అందులో ఉప్పు దాదాపు ఉండదు. దాన్ని సగానికి సగం బోరు నీళ్ళలో కలిపి పోస్తాను. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకి. అక్టోబరు మొదటి పెద్ద వానల్లో కుండీలకి అడ్డేం పెట్టకుండా రెండు మూడు సార్లు బాగా తడిసి కిందనుంచి కారనివ్వండి, ఏడాది ఉప్పంతా అప్పుడే కడిగేసుకుపోతుంది. చిల్లులు తెరిచి ఉంచమన్నది అందుకూనూ.

2019 వేసవి ఇక్కడున్నవాళ్ళెవరూ మర్చిపోరు. ఊరికి తాగునీళ్ళిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటి, మన కండలేరు నుంచి రావాల్సిన కృష్ణా నీళ్ళూ ఆగిపోయి, ట్యాంకరు కోసం వీధంతా బిందెలు వరసపెట్టిన రోజులు. అప్పుడు నాకు అరవై కుండీలుండేవి. ఇంట్లో స్నానానికి అర బకెట్ లెక్క పెట్టుకుంటూ పైకి నాలుగు బకెట్లు మోయడానికి మనసొప్పలేదు, అలాగని వాటిని చూస్తూ ఊరుకోవడానికీ ఒప్పలేదు. చివరికి ముప్పై ఎనిమిది కుండీలు ఖాళీ చేశాను. ఇరవై రెండు మిగిలాయి, ఇప్పటికీ ఇరవై రెండే. మిద్దె మీద ఎంత చోటుందో చూసి కాదు, మే నెలలో రోజుకి ఎన్ని బకెట్లు మోయగలరో చూసి కుండీల లెక్క పెట్టుకోండి. మీ ఇరవై సరైన సంఖ్యే, పెంచకండి.

ఏప్రిల్ రాగానే సగం ఎండ ఆపే పచ్చ షేడ్ నెట్ కట్టి, ఏళ్ళ తరబడి ఉండేవాటినే దాని కిందికి చేర్చండి: కరివేపాకు, మల్లె, మందారం, దొండ, తులసి, నిమ్మ. నీళ్ళు తెల్లవారుజామున ఒకసారి, ఎండ బాగా ముదిరితే సూర్యాస్తమయం తర్వాత ఇంకోసారి, మధ్యాహ్నం మాత్రం వద్దు. మే 4 నుంచి 28 దాకా కర్తరి, వీళ్ళకి కత్తిరి వెయిల్. మన పెద్దవాళ్ళు కర్తరిలో మట్టి తవ్వకూడదు, చెట్టు కొట్టకూడదు అనేవాళ్ళు. చాదస్తం అనుకునేదాన్ని. ఒక మేలో గులాబీని కత్తిరించాను, కోసిన చోటునుంచి కొమ్మ కిందికి నల్లగా ఎండుతూ వారంలో మొదలు దాకా పోయింది. మొదటి కొన్నేళ్ళు ఖాళీ కుండీలు చూస్తే ఏదో ఇల్లు దులిపేసినట్టు అనిపించి ఏదో ఒకటి గుచ్చేదాన్ని. ఇప్పుడు ఆ నెలని మట్టికి ఇచ్చేశాను.

మట్టికి అంటే: ఖాళీ కుండీల మట్టిని మిద్దె మీద పాత టార్పాలిన్ మీద అయిదారు అంగుళాల మందాన పరిచి, కొద్దిగా తడిపి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి నాలుగైదు వారాలు వదిలేయడం. నల్ల షీటు కాదు, తెల్లగా లోపలికి కనబడేదే కావాలి. లోపల ఆవిరి పట్టి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, వేరు బుడిపెల పురుగులు, కుళ్ళు తెగులు బూజు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. మీ మొక్కలు వేళ్ళు కుళ్ళి పోయాయి కాబట్టి ఆ మట్టిని ఇలా ఎండబెట్టకుండా మళ్ళీ వాడొద్దు.

ఒక మాట, నేను చెప్పిందంతా ఎండ పూర్తిగా పడే మిద్దెకి. ఫ్లాట్ బాల్కనీ అయితే ఆకుకూరలకి మించి ఆశపడకండి. తిరువాన్మియూర్, బెసెంట్ నగర్ లాంటి సముద్రం పక్క ఇళ్ళయితే గాలిలోనే ఉప్పు, ఆకుల మీద వారానికోసారి మంచినీళ్ళు చల్లాలి.

ఇప్పుడు జూన్ రెండో వారం. కాబట్టి నర్సరీకి వెళ్ళకండి, ఎంత పచ్చగా పిలిచినా సరే. చనిపోయిన మొక్కల కుండీలు ఖాళీ చేసి రేపే మట్టి పరిచి షీటు కప్పేయండి, ఈ ఎండ ఇంకో నెల ఉంటుంది. కరివేపాకుని నీడకి జరిపి, పైన తెల్ల పొర అంగుళం గోకేసి కొత్త మట్టి వేయండి. జూలై పదిహేను దాటాక షీటు తీసి, ఎరువు కలిపి, వారం ఆరనిచ్చి, ఈ ఏడాదికి బెండ, గోంగూర, రెండు బీర పాదులు, అంతే వేయండి. మీ దగ్గర మిగిలిన టమాటా గింజలు గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి, మూత మీద "అక్టోబరు" అని రాసుకోండి.